కడప దారిలో ఐదు పట్టీలు

హైదరాబాదు నుండి కడపకు నాలుగు వందల కిలోమీటర్లకు కొంచెం పైబడిన దారి. కర్నూలు వరకు శ్రీనగర్ నుండి కన్యాకుమారి దాకా సాగే 44వ జాతీయ రహదారి. అక్కడి నుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరుల మీదుగా 40వ జాతీయ రహదారి. పాత తరంవారు నేటికీ వీటిని ఏడో నంబరు రోడ్డు, పద్దెనిమిదో నంబరు రోడ్డు అనే పిలుస్తారు. మా అక్కయ్య అత్తవారి ఊరు కడప కావడం వల్ల ఈ దారిలో మేము ఎన్నిమార్లు ప్రయాణించామో లెక్క లేదు. పండుగలకు వెళ్ళాము, పురుళ్ళకు వెళ్ళాము, జనాజాలకు వెళ్ళాము. ఈ జనవరిలో అక్కయ్య పెద్ద కుమార్తె నికాహ్ నిమిత్తం వెళ్ళిన ప్రయాణం మాత్రం మునుపటి వాటి వంటిది కాదు. ఈ దారిలోనే మూడేండ్ల క్రితం అక్కయ్య తన కాళ్ళ చలనాన్ని కోల్పోయింది. ఆ తరువాత కుటుంబమంతా కలిసి ఈ దారిన వెళ్ళడం ఇదే మొదటిసారి.

బయలుదేరవలసినవారము ఆరుగురము. మేము, మా శ్రీమతి, అమ్మీ, పదమూడేండ్ల కుమారుడు, మూడేండ్ల కుమార్తె, ఇంకా పెండ్లికాని తమ్ముడు. కారులో ఉన్న సీటు బెల్టులు ఐదు. గతంలో ఇది మాకు లెక్కే కాదు. ఇదే కారులో ఎనిమిది మందిమి ఇరుక్కొని వెళ్ళిన రోజులు ఉన్నాయి. పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకొనేవారము. బిర్యానీ డేగిసా కూడా ఎవరి కాళ్ళ మధ్యనో ఒదిగేది. ఈసారి మేము ముందే ఒక మాట అనుకొన్నాము. బెల్టులు ఎన్ని ఉంటే మనుషులు అంతమందే. పాపకు పిల్లల సీటు కొని వెనుక అమర్చాము. తమ్ముణ్ణి ఇమ్లీబన్ బస్టాండులో కడప బస్సు ఎక్కించాము. అతడు చిన్నబుచ్చుకొన్నాడు. "సొంత కారు ఉండగా నేను బస్సులో పోవాలా భాయ్? పెండ్లివారింట్లో అడిగితే ఏమని చెప్పను?" అన్నాడు. అమ్మీ కూడా ముఖం త్రిప్పుకొన్నారు. ప్రయాణం ఆ విధంగా కొంత బరువైన మనస్సులతోనే ఆరంభమయింది.

మోకాళ్ళ నొప్పుల వల్ల అమ్మీ ముందు సీటులో కూర్చొన్నారు. ప్రయాణపు దుఆ చదువుకొన్నాము. కారు ఆరాంఘర్ దాటకముందే హెచ్చరిక గంట మ్రోగనారంభించింది. అమ్మీ బెల్టు పెట్టుకోలేదు. మేము కారు ప్రక్కకు తీసి ఆపగా, వారు ముందున్న అర తెరచి ఒక చిన్న లోహపు క్లిప్పు తీసి చూపారు. బెల్టు కొక్కెం వంటిదే, కాని దానికి బెల్టు ఉండదు. దానిని బకిల్‌లో గుచ్చితే బెల్టు పెట్టుకొన్నారని కారు భ్రమపడి గంట ఆపివేస్తుంది. అమ్మీకి బెల్టు ఒత్తుకొంటున్నదని తమ్ముడే ఎప్పుడో కొని తెచ్చి ఉంచాడట. ఇటువంటి క్లిప్పులు ఆన్‌లైనులో విచ్చలవిడిగా అమ్ముడుపోతున్నాయని గ్రహించి, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023లో ఐదు అమ్మకపు వేదికలపై ఉత్తర్వులు జారీ చేసి, 13,118 ప్రకటనలను తొలగింపజేసింది. మా కారు అరలోనూ ఒకటి ఉన్నదని మాకు అప్పటి వరకు తెలియదు.

"అమ్మీ, గంట నోరు మూయించినంత మాత్రాన ప్రమాదం ఆగదు కదా" అన్నాము.

"మరణం వ్రాసి ఉన్నచోట ఈ గుడ్డపట్టీ అడ్డుపడుతుందా బేటా? మీ ఆపాకు జరిగినది తఖ్దీర్. అల్లాహ్ వ్రాసినది తప్పించడం ఎవరి తరం?" అన్నారు అమ్మీ.

మేము చదివినది మాకు గుర్తుకు వచ్చింది. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు పయనమై సర్గ్ అనే చోటికి చేరినప్పుడు, అక్కడ ప్లేగు వ్యాపించి ఉన్నదని తెలిసి వెనుదిరగ నిశ్చయించారు. అల్లాహ్ విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించగా, అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధి వైపునకే మరలుతున్నామని వారు బదులిచ్చారు. పచ్చిక ఉన్న వైపు ఒంటెలను మేపినా, ఎండిన వైపు మేపినా రెండూ విధికి లోబడినవేనని వివరించారు. ఈ వృత్తాంతం బుఖారీ గ్రంథంలో ఉన్నది. ఒంటెను కట్టిన తరువాతనే అల్లాహ్‌పై భారం వేయాలన్న దైవప్రవక్త (స) ఉపదేశం మన ఇండ్లలో పిల్లలకు సైతం తెలిసినదే. మేము ఇవన్నీ అమ్మీకి చెప్పాము. వారు విన్నారు. మా సంతోషం కొరకు బెల్టు పెట్టుకొన్నారు. కాని వారి ముఖంలో అంగీకారం లేదు. మా వాదనలో తప్పు ఎక్కడ ఉన్నదో మాకు అప్పుడు అర్థం కాలేదు.

షాద్‌నగర్, జడ్చర్ల దాటాము. ఈ రహదారి ఎంత విశాలంగా ఉన్నదో అంత మాయ కలది. నాలుగు వరుసల నున్నని దారిలో వంద కిలోమీటర్ల వేగం కూడా నెమ్మదిగా పోతున్నట్లు తోస్తుంది. ప్రక్కన కుమారుడు చదువుకొన్న భౌతికశాస్త్రం ఆ భ్రమను తొలగించింది. వాడు లెక్క కట్టి చెప్పాడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు గోడను ఢీకొంటే, లోపలి మనిషికి తగిలే దెబ్బ సుమారు 14 మీటర్ల ఎత్తు నుండి, అనగా నాలుగంతస్తుల మేడ పైనుండి నేలపై పడినప్పటి దెబ్బతో సమానం. కారు ఆగుతుంది, లోపలివారు ఆగరు. కారు ఏ వేగంతో పోతున్నదో అదే వేగంతో వారి శరీరాలు ముందుకు సాగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి అడ్డుపడే వరకు. ఆ అడ్డుపడేది స్టీరింగు కావచ్చు, అద్దం కావచ్చు, ముందు సీటులోని మన కన్నతండ్రి వీపు కావచ్చు. లేదా రొమ్ముకూ కటిఎముకకూ అదిమిపెట్టిన రెండంగుళాల పట్టీ కావచ్చు.

తల్లి ఒడి గురించి కూడా వాడు లెక్క చెప్పాడు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఢీకొన్న కారు సెకనులో పదోవంతు కాలంలో ఆగిపోయిందనుకొంటే, 12 కిలోల పసిబిడ్డ ఆ క్షణంలో 170 కిలోల బరువుతో తల్లి చేతుల నుండి ముందుకు దూసుకుపోతుంది. మూడు సిమెంటు బస్తాలకు మించిన బరువును, ఎదురుచూడని క్షణంలో, ఏ తల్లి పట్టుకోగలదు? ప్రేమ తక్కువై కాదు, చేతులకు అంత బలం లేక బిడ్డ జారిపోతుంది. మా శ్రీమతి ఈ మాట విని పిల్లల సీటులో నిద్రిస్తున్న పాప పట్టీలను మరొక్కమారు తడిమి చూచుకొన్నది.

ఈ మూడు కొనల పట్టీకి రూపమిచ్చినవాడు నిల్స్ బోలిన్ అనే స్వీడన్ ఇంజనీరు. అంతకు ముందు ఆయన యుద్ధవిమానాల్లో పైలట్లను బయటకు విసిరివేసే సీట్లను రూపొందించేవాడు. 1959లో ఆయన పనిచేసే వోల్వో సంస్థ ఈ బెల్టును కార్లలో అమర్చి, దాని పేటెంటును లాభాపేక్ష లేకుండా ఇతర కార్ల తయారీదారులందరికీ ఉపయోగించుకొనేందుకు విడిచిపెట్టింది. మానవాళికి దక్కిన మేలులలో ఇది ఒకటి. బెల్టు ధరించుట వల్ల వాహనంలోనివారి మరణావకాశం సగం వరకు తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో మరణించినవారు 1,68,491 మంది. వారిలో సీటు బెల్టు ధరించక మరణించినవారు 16,715 మందని కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ నివేదిక తెలుపుతున్నది. ఆ 16,715 మందిలో వాహనం నడిపినవారు 8,384 మంది కాగా, ప్రక్కనో వెనుకనో కూర్చొన్న ప్రయాణికులు 8,331 మంది. ఇంచుమించు సగం సగం. బెల్టు డ్రైవరుకు మాత్రమే అనే మన అలవాటుకు ఈ అంకెలే జవాబు.

కొత్తకోట సమీపించినప్పుడు పాలెం గుర్తుకు వచ్చింది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున అక్కడ ఒక బస్సు కల్వర్టును ఢీకొని మంటల్లో చిక్కుకొనగా 45 మంది మరణించారు. దారి ప్రక్కన పొలాలు ఏమీ జరగనట్లు పచ్చగా ఉన్నాయి. పెబ్బేరు దాటి బీచుపల్లి వద్ద కృష్ణను, అలంపూర్ చౌరస్తా దాటి తుంగభద్రను దాటాము. వంతెన దిగితే కర్నూలు. 1953 నుండి 1956 వరకు ఆంధ్రరాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు. నగరం నడుమ కొండారెడ్డి బురుజు, హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ గుంబదు ఆ ఊరి పాత వైభవానికి సాక్షులు. మేము ఊరిలోనికి పోకుండా, రహదారి సమీపాన ఒక మస్జిద్ వద్ద ఆగి, జుహ్ర్ నమాజును ఖస్ర్ చేసి చదువుకొన్నాము.

నమాజు తరువాత వేపచెట్టు నీడలో టిఫిను డబ్బాలు విప్పాము. అమ్మీ ముద్ద నోట పెట్టుకోకుండా కూర్చొన్నారు. మా శ్రీమతి పాపను తీసుకొని చేతులు కడిగించేందుకు వెళ్ళిన సమయంలో వారు నెమ్మదిగా అన్నారు:

"బేటా, ఉమర్ (రజి) సంగతి నాకు తెలియక కాదు. మీ అబ్బా ఎన్నోసార్లు చెప్పేవారు. కాని బెల్టు పెట్టుకొని ఉంటే నా బిడ్డ నడిచేదని నీవంటావు. ఆ మాట మీ బావ చెవిన పడితే ఆయన ఏమైపోవాలి? ఆ సీటు కవర్లు వేయించినది ఆయనే కదా. మూడేండ్లుగా రాత్రీ పగలూ దానికి సేవ చేస్తున్నదీ ఆయనే. అందుకే నేను తఖ్దీర్ అంటాను. ఆ మాట క్రింద ఆయనను తల దాచుకోనీ."

మేము నిరుత్తరులమయ్యాము. అమ్మీ చెప్పినది అజ్ఞానం కాదు. అల్లుని పట్ల కరుణ. మేము పుస్తకాలతో జవాబిచ్చినది వారి ప్రశ్నకు కాదు.

ఆ సంఘటన ఇక్కడ చెప్పక తప్పదు. ఒక వర్షాకాలపు సాయంత్రం బావగారు, అక్కయ్య, వారి కుమారుడు నంద్యాల నుండి కడపకు తిరిగి వస్తున్నారు. ఆళ్ళగడ్డ దాటిన తరువాత రోడ్డు అంచున వెనుక దీపాలు లేకుండా ఒక లారీ నిలిచి ఉన్నది. బావగారు చూచి బ్రేకు వేసేసరికి ఆలస్యమయింది. ముందు కూర్చొన్న ఇద్దరూ బెల్టు ధరించి ఉన్నారు, ఎయిర్‌బ్యాగులు తెరుచుకొన్నాయి. కుమారునికి గీతలతో పోయింది. వెనుక కూర్చొన్న అక్కయ్యకు బెల్టు లేదు. ఆమె శరీరం ఎగిరి బావగారి సీటు వెనుక భాగాన్ని ఢీకొన్నది. ఆ విసురుకు సీటు ముందుకు ఒరిగి బావగారి భుజం ఎముక, రెండు ప్రక్కటెముకలు విరిగాయి. అక్కయ్య వెన్నెముక దెబ్బతిన్నది. బెల్టు పెట్టుకొన్న బావగారికి తగిలిన దెబ్బ లారీ వల్ల కాదు, బెల్టు లేని తన భార్య వల్లనే అని వైద్యులు చెప్పినప్పుడు మేము నమ్మలేకపోయాము. వెనుక సీటులోని ఒక్కరు బెల్టు పెట్టుకోకపోతే, ముందు సీటులో బెల్టు పెట్టుకొన్నవారికి కూడా పూర్తి రక్షణ ఉండదని మాకు ఆనాడు తెలిసింది.

నాలుగో రోజున మేము ఠాణా ఆవరణలో నిలిపిన ఆ కారును చూడబోయాము. ముందు భాగం నలిగి ఉన్నది. వెనుక సీటు మాత్రం చెక్కుచెదరలేదు. కొత్తగా కుట్టించిన గోధుమరంగు కవరు సీటంతా బిగుతుగా కప్పి ఉన్నది. కవరు అంచు పట్టి పైకి లాగాము. దాని క్రింద మూడు బకిళ్ళు వరుసగా, కొన్ననాటి మెరుపుతో, ఒక్కసారి కూడా వాడబడని గీత లేని లోహంతో ఉన్నాయి. బెల్టు ఉన్నది. దాని గూటిని మేమే కప్పుకొన్నాము. ఎందుకనగా మా కారులో కూడా అటువంటి కవరే ఉన్నది. ఆ రోజు ఇంటికి వచ్చి మొదట చేసిన పని దానిని విప్పివేయడం.

కర్నూలు వదలి ఓర్వకల్లు రాతిగుట్టల నడుమ పోతున్నప్పుడు మేము అమ్మీతో మరల మాట్లాడాము. ఈసారి వాదించలేదు. సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసును గుర్తు చేశాము. అందులో రెండు భాగాలున్నాయి. తనకు మేలు చేసే దానిని విశ్వాసి గట్టిగా కోరుకోవాలి, అల్లాహ్ సహాయం అర్థించాలి, చేతకానివానిలా చతికిలబడరాదు అన్నది మొదటి భాగం. ఏదైనా ఆపద సంభవించాక, అలా చేసి ఉంటే ఇలా జరిగేది కదా అని వగచరాదు, ఆ ‘ఉంటే’ అనే మాట షైతాను పనులకు ద్వారం తెరుస్తుంది, అల్లాహ్ విధించినది జరిగిందని భావించాలి అన్నది రెండవ భాగం.

"అమ్మీ, మీరన్నది నిజం. జరిగిపోయిన దానికి తఖ్దీర్ అనే మాటే సరియైనది. బావగారితో ‘ఉంటే’ అనే మాట మేము ఎన్నటికీ అనము. కాని జరగబోయే దానికి ఆ మాట వాడితే అది తఖ్దీర్ కాదు, బద్ధకం. హదీసు రెండో సగాన్ని మొదటి సగం స్థానంలో పెట్టడమే మనం చేస్తున్న పొరపాటు" అన్నాము.

అమ్మీ చాలాసేపు కిటికీ నుండి చూస్తూ ఉండిపోయారు. నంద్యాల నల్లరేగడి భూముల్లో శనగ పైరు గుబురుగా ఉన్నది. తూర్పున నల్లమల కొండలు నీలిగీతలా సాగుతున్నాయి. కొంతసేపటికి, "ఈ పట్టీ నా పొట్టను ఒత్తుతున్నది. సరిచేస్తావా?" అన్నారు. మేము ఒక పెట్రోలు బంకులో కారు నిలిపి చూచాము. తప్పు బెల్టుది కాదు. బుర్ఖా కుచ్చెళ్ళు నడుము వద్ద ముద్దగా పోగుపడి, అడ్డుపట్టీ వాటి మీదుగా కడుపుపైకి ఎక్కి ఉన్నది. ఇంతకాలం వారు బెల్టు పట్ల విముఖంగా ఉన్నది ఈ ఒక్క కారణం చేతనే అయి ఉండవచ్చు.

మన ఇండ్లలోని స్త్రీలకు ఇది అవసరమైన విషయం కనుక వివరిస్తున్నాము. కూర్చొన్నాక బుర్ఖా గుడ్డను నడుము వద్ద నుండి ప్రక్కలకు సర్ది చదును చేసుకోవాలి. అడ్డుపట్టీ కడుపు మీద కాక, క్రిందుగా తొడల మొదట కటిఎముకలపై అంటుకొని ఉండాలి. నిలువుపట్టీ మెడకు రాచుకోకుండా భుజం నడిమి ఎముక మీదుగా రొమ్ము మధ్య నుండి దిగాలి. దానిని చంక క్రిందికి త్రోయరాదు. అలా త్రోస్తే ప్రమాదంలో ప్రక్కటెముకలు విరిగి లోపలి అవయవాలకు గ్రుచ్చుకొంటాయి. గర్భిణులు బెల్టు మానరాదు. అడ్డుపట్టీ కడుపు ఉబ్బుకు క్రిందుగా, నిలువుపట్టీ ఉబ్బుకు ప్రక్కగా పోనిచ్చి ధరించాలి. తల్లి క్షేమమే బిడ్డ క్షేమం. ముందు సీటును వీలైనంత వెనుకకు జరుపుకోవాలి. సీటుపై తలకు ఆనే దిండు తల వెనుక భాగానికి సమంగా ఉండాలి; మెడ క్రింద ఉంటే వెనుక నుండి వాహనం తగిలినప్పుడు మెడకు హాని. ఎయిర్‌బ్యాగు ఉన్నది కదా, బెల్టు ఎందుకని కొందరంటారు. ఎయిర్‌బ్యాగు కనురెప్ప పాటులో పేలినట్లు తెరుచుకొంటుంది. బెల్టు పట్టి ఉంచిన మనిషికే అది మెత్త. బెల్టు లేక ముందుకు దూసుకువచ్చినవానికి అదే దెబ్బ. అందుకే పసిపిల్లలను ముందు సీటులో, ముఖ్యంగా వెనుకకు తిరిగి ఉండే శిశువుల సీటును ఎయిర్‌బ్యాగు ముందు, ఎన్నడూ ఉంచరాదు.

చట్టం కూడా ఈ మాటే చెప్తున్నది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం బెల్టు లేకుండా నడిపినా, బెల్టు లేని ప్రయాణికులను ఎక్కించుకొన్నా వెయ్యి రూపాయల జరిమానా. పదునాలుగేండ్ల లోపు పిల్లలకు బెల్టు గాని పిల్లల సీటు గాని లేకపోయినా అంతే. ముందువైపు చూచే వెనుక సీట్లవారికీ బెల్టు నియమం వర్తిస్తుంది. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్‌ఘర్ జిల్లాలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణించిన కారు వంతెన గోడను ఢీకొన్నది. వెనుక కూర్చొన్న ఇద్దరూ బెల్టు ధరించలేదు, ఇద్దరూ మరణించారు. ముందు కూర్చొన్న ఇద్దరూ గాయాలతో బ్రతికారు. ఎంత ఖరీదైన కారైనా వెనుక సీటు దానంతట అది కోట కాదు.

ఆళ్ళగడ్డ దాటాము. ఆ చోటు ఏదో మాకు తెలుసు. రహదారిపై ఆగడం మరొక ప్రమాదానికి దారి తీస్తుంది కనుక ఆగలేదు. అందరమూ మౌనంగా దుఆ చదువుకొన్నాము. ఆనాడు అక్కయ్యను కారు నుండి తీసినవారు ఆ చుట్టుప్రక్కల పొలాల రైతులు. వారు ఎవరో మాకు నేటికీ తెలియదు. వారి మేలుకు అల్లాహ్ ప్రతిఫలం ఇచ్చుగాక! అటువంటి సమయంలో 108కి లేదా 112కు ఫోను చేయుట, జాతీయ రహదారి అయితే 1033కు చెప్పుట మొదటి పని. నిప్పు అంటుకొనే భయం లేకపోతే గాయపడినవారిని చేతులు పట్టి లాగరాదు. తల, మెడ కదలకుండా రెండు చేతులతో పట్టి ఉంచి అంబులెన్సు కొరకు వేచి ఉండాలి. వెన్నెముక విరిగినవారిని వంచి ఆటోలో ఎక్కించితే మిగిలిన నరాలూ తెగిపోవచ్చు. సాయపడినవారిని పోలీసులు గాని ఆసుపత్రివారు గాని వేధించరాదని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. 2019 సవరణలో 134ఎ సెక్షన్‌గా అది చట్టమే అయింది. కావున భయపడి ప్రక్కకు తప్పుకోవలసిన పని లేదు. ఒక ప్రాణాన్ని నిలబెట్టడం సమస్త మానవులను నిలబెట్టడంతో సమానమని దివ్యఖుర్ఆన్ బోధించిన సంగతి మనకు తెలిసినదే.

దువ్వూరు దగ్గర పసుపు ఉడకబెట్టిన వాసన కారు లోపలికి వచ్చింది. మైదుకూరు, ఖాజీపేట దాటి, చెన్నూరు వద్ద పెన్నను దాటి, అస్ర్ వేళ కాగా కడప చేరాము. బస్సులో ముందే చేరిన తమ్ముడు వాకిట్లో ఎదురువచ్చాడు. అక్కయ్య చక్రాల కుర్చీలో గుమ్మం వరకు వచ్చింది. అమ్మీ ఆమె నుదురు ముద్దుపెట్టుకొన్నారు. అక్కయ్య చూపు మాత్రం కారు వెనుక తలుపు మీదే ఉన్నది. పాపను పిల్లల సీటు పట్టీల నుండి విడిపించే వరకు చూచి, ఆ తరువాతనే సలాముకు బదులు చెప్పింది.

మరునాడు అస్ర్ తరువాత నికాహ్ సాదాగా జరిగింది. పెండ్లివారింటి ముందు బంధువుల కార్లు వరుసగా నిలిచి ఉన్నాయి. మా కుమారుడు, బావగారి కుమారుడు ఇద్దరూ కలిసి వాటి వెనుక సీట్లను పరిశీలించారు. పదకొండు కార్లలో ఏడింటికి బకిళ్ళు కవర్ల క్రింద కప్పబడి ఉన్నాయి. పిల్లలు ఈ సంగతి తమ్మునితో గట్టిగా చెప్తుండగా బావగారు విన్నారు. మా గుండె ఝల్లుమన్నది. అమ్మీ మా వైపు చూచారు. ఎవరమూ ఏమీ అనలేదు. బావగారు లోపలికి వెళ్ళి, కత్తెర తెచ్చారు. కార్ల యజమానులను ఒక్కొక్కరినే పిలిచి, అనుమతి అడిగి, బకిల్ ఉన్న చోట కవరును కత్తిరించి, వ్రేలితో దానిని పైకి తీశారు. ఏడు కార్లకూ తామే స్వయంగా చేశారు. తమ్ముడు వారి ప్రక్కన నిలబడి కత్తిరించిన ముక్కలను ఏరాడు. ఆ పని ముగిసే వరకు బావగారు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తిరిగి వచ్చి అమ్మీ ప్రక్కన కూర్చొన్నప్పుడు మాత్రం, "అమ్మీజాన్, మంచినీళ్ళు ఇప్పించండి" అన్నారు. అమ్మీ లేచి తామే తెచ్చి ఇచ్చారు.

రుఖ్సతీ రాత్రి తొమ్మిదికి. వరుని ఊరు ప్రొద్దుటూరు. దూరం తక్కువే అయినా రాత్రి ప్రయాణం, అలసిన మనుషులు. పగలంతా పెండ్లి పనుల్లో తిరిగినవారిలో ఎవరికీ స్టీరింగు ఇవ్వరాదని బావగారు ముందే నిశ్చయించి, మధ్యాహ్నం నిద్రపోయి లేచిన డ్రైవరును ఏర్పాటు చేశారు. పూలదండలు కట్టిన కారులో వధూవరులు వెనుక కూర్చొన్నారు. జరీ దుపట్టా, గాజులు, పూలు. ఇంత అలంకారంలో బెల్టు ఏమిటని ఎవరో పెద్దావిడ అన్నది. బావగారు కారు లోపలికి వంగి, కూతురి దుపట్టాను ప్రక్కకు సర్ది, అడ్డుపట్టీని కటి వద్ద సరిచేసి, కొక్కెం బకిల్‌లో పెట్టారు. టక్కుమన్న చప్పుడు మా వరకు వినిపించింది. అల్లుని వైపు చూడగా, అతడు అప్పటికే తనది తాను పెట్టుకొన్నాడు. అక్కయ్య కుర్చీలో నుండి చేయి చాచి కూతురి తలపై ఉంచి దుఆ చేసింది. కారు కదిలింది.

మరునాటి తిరుగు ప్రయాణంలో తమ్ముడు మరల బస్సెక్కాడు. ఈసారి ఎవరూ చెప్పకుండానే. కారు అరలో ఆ లోహపు క్లిప్పు కనిపించలేదు. ఎవరు తీశారో మేము అడగలేదు. అమ్మీ ముందు సీటులో కూర్చొని, బుర్ఖా సర్దుకొని, బెల్టు పెట్టుకొని, ఆ తరువాత ప్రయాణపు దుఆ మొదలుపెట్టారు. ఈ వాహనాన్ని మనకు లొంగదీసినవాడు అల్లాహ్ అనీ, మన బలంతో దీనిని వశపరచుకొనే శక్తి మనకు లేదనీ, చివరకు మనం ఆయన వైపునకే మరలిపోవలసినవారమనీ ఒప్పుకొనే దుఆ అది. మన శక్తిహీనతను ఇంత స్పష్టంగా అంగీకరించిన నోటితోనే, రెండంగుళాల పట్టీని అనవసరమని మనం ఎట్లు అనగలము?

ఈ వ్యాసం చదివినవారు లేచి వెళ్ళి తమ కారు వెనుక సీటు కవరు ఒక్కసారి ఎత్తి చూడవలసిందిగా కోరుతున్నాము. మీ ప్రయాణాలన్నింటినీ అల్లాహ్ క్షేమంగా గమ్యం చేర్చుగాక! మా అక్కయ్య స్వస్థత కొరకు మీ దుఆలలో చోటివ్వండి. ఆమీన్.